అపూర్వ సమ్మేళన వ్యాఖ్య

మూలం: "1995–96 పదవ తరగతి పూర్వ విద్యార్థుల అపూర్వ ఆత్మీయ సమ్మేళనం."

అవతారిక. సంక్రాంతికీ, వేసవి సెలవుల్లోనూ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల గేట్లకు కట్టే ఫ్లెక్సీల మీది వాక్యమిది. ఊరు మారినా జిల్లా మారినా, సంవత్సరం అంకె తప్ప పాఠభేదం కనిపించదు. కర్త అజ్ఞాతుడు, ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రవాడేనని ఒక మతం. వ్యాఖ్యానానికి పెద్దలు చెప్పిన లక్షణాలు ఐదు: పదచ్ఛేదం, పదార్థం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేపాలకు సమాధానం. మొదటి రెండూ ఇక్కడ అనవసరం. తెలుగు పేపర్లో ప్రతిపదార్థాలు రాసి గట్టెక్కినవారికి మళ్ళీ ప్రతిపదార్థం చెప్పడం మర్యాద కాదు.

విగ్రహం. విద్యను అర్థించేవాడు విద్యార్థి. ముందు 'పూర్వ' చేరితే విశేషణ పూర్వపద కర్మధారయం. ఒకప్పుడు అర్థించి, ఇప్పుడు మానేసినవాడని భావం. ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా 'అపూర్వ' దగ్గర. మునుపు లేనిది అపూర్వం. నిరుడు ఇదే గేటుకు 1994–95 వారి ఫ్లెక్సీ వేలాడింది. అదీ అపూర్వమే. ఏటేటా వచ్చే అపూర్వాన్ని వ్యాకరణం కాపాడలేదు గనుక మీమాంసను ఆశ్రయించాలి.

స్వర్గం కావాలనుకున్నవాడు యాగం చేయాలన్నది విధి. యాగమేమో నాలుగు రోజుల్లో ముగిసి బూడిదవుతుంది. స్వర్గం చచ్చాకగాని రాదు. అయిపోయిన పనికీ ఎప్పటికో వచ్చే ఫలానికీ ముడి ఎలా? నడుమ నిలిచి ఉండే కనబడని శక్తి ఒకటి ఉందనీ, అదే అపూర్వమనీ మీమాంసకులు తేల్చారు. అది యజమాని ఆత్మలో ఉంటుందని కుమారిలభట్టు మతం. అందుచేత 'అపూర్వ' పక్కనే 'ఆత్మీయ' రావడం ఎంతో సాభిప్రాయం. సంధి చేసి 'అపూర్వాత్మీయ' అనవలసింది, సమాసంలో సంధి నిత్యం. కాని ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన డబ్బు గనుక అక్షరం మిగిలినా పైసా మిగలదు.

యాగమేదంటే, పదో తరగతే. వేకువన నాలుగింటికి లేవడం, స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ఇంట్లో టీవీ బంద్: ఇది దీక్ష. పశుయాగంలో ప్రయాజలు, అంటే ప్రధానాహుతికి ముందు వేసే ఆహుతులు, 11. అప్పటి పేపర్లూ 11; హిందీకి ఒకటి, తక్కిన ఐదింటికీ రెండేసి. పశువెవరో మూలం చెప్పలేదు, వ్యాఖ్యా చెప్పదు. మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఇక్కడిదాకా వచ్చాక ఆ నియమం గుర్తుచేసుకోవడం వల్ల లాభం లేదు.

వాక్యయోజన. క్రియ లేదు, 'జరుగును' అని అధ్యాహారం. కింది వరుసలో తరచు 'మధుర జ్ఞాపకాల వేడుక' అని ఉంటుంది. గోడకుర్చీ, ఎక్కాలు రాకపోతే మోకాళ్ళ మీద నడక, మెటికల మీద స్కేలు దెబ్బ: వీటికి మాధుర్యం ముప్పై ఏళ్ళు ఊరితేగాని పట్టదు. ఆ స్కేలు పట్టిన చేతికే ఇప్పుడు మెమెంటో ఇస్తారు, భుజాన శాలువా కప్పుతారు. అది సరే.

ఆక్షేపం. 'పదవ తరగతి విద్యార్థులు' అంటే పాసైనవారా, చదివినవారందరా? వాక్యం ప్రకారం అందరూ. ఫ్లెక్సీ మీది ఫోటోల ప్రకారం కాదు. ఆ రోజుల్లో ఫలితాలు పేపర్లో వచ్చేవి. ఫస్ట్ క్లాస్ కింద నంబరు లేకపోతే సెకండ్, అక్కడా లేకపోతే థర్డ్. వేలు వరుస వెంట దిగుతూ వచ్చి, ముందు నంబరుండి, తరవాతి నంబరుండి, రెంటి నడుమ ఆగిపోయేది. అభావమూ ఒక పదార్థమేననీ, అది ప్రత్యక్షంగానే తెలుస్తుందనీ తార్కికులు వాదించారు. ఆ పేపరు పట్టుకున్నవాడికి వాదం అక్కర్లేదు. లెక్కల్లో 35 రాక, మార్చి పోతే సెప్టెంబర్ అనుకుని, సెప్టెంబరూ పోయి, తాపీపనికి వెళ్ళినవాడు ఏ బ్యాచ్? పరీక్షలైన మే నెలలోనే పెళ్ళి చేసి పంపితే ఇంటిపేరు మారిన అమ్మాయి ఏ బ్యాచ్? 'అందరినీ వెతికాం, దొరకలేదు' అని నిర్వాహకుల సమాధానం. వెతికింది వాట్సాప్ గ్రూపులో. అందులో ఉన్నవాళ్ళను వెతకనక్కరలేదు, లేనివాళ్ళు అందులో దొరకరు. దీన్ని సమాధానమనలేం.

తాత్పర్యం. పదో తరగతి గట్టెక్కి, ఆనక కాస్త నిలదొక్కుకున్నవారు ఒక ఆదివారం కలిసి భోజనం చేస్తారని తాత్పర్యం. తప్పేమీ లేదు, ఆ మాటే రాసుకోవచ్చు. 'అందరూ' అనదలిస్తే మాత్రం, ప్రతి ఉన్నత పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. పాసైనవారివీ తప్పినవారివీ పేర్లు, తండ్రి పేరుతో సహా, అందులో ఒకే వరుసలో ఉంటాయి. హెడ్మాస్టరుగారిని అడిగితే బీరువాలోంచి తీసి చూపిస్తారు.