పిల్లిమీస సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పిల్లి వెంట్రుకలచే మీసము, మీసముచే మోటారు సైకిలు.

అవతారిక: ఈ సూత్రం గేబ్రియల్ నైట్ అనే కంప్యూటర్ ఆట మూడో భాగంలోది. జేన్ జెన్సెన్ సృష్టించిన ఈ గోథిక్ మిస్టరీల్లో మొదటిది 1993లో, మూడోది 1999లో వచ్చాయి. మొదటి ఆటలో నాయకుడు న్యూ ఆర్లీన్స్‌లో పుస్తకాల దుకాణం నడుపుతూ వూడూ హత్యల వెంటపడతాడు. మూడోదాంట్లో అపహరణకు గురైన ఒక పసివాణ్ని వెతుకుతూ ఫ్రాన్స్‌లోని రెన్-ల-షాటో చేరతాడు. ఊరు నిజమైనదే, అక్కడి చర్చి మతగురువుకు నిధి దొరికిందన్న పుకారూ పాతదే. కనబడ్డ వస్తువును మౌస్‌తో నొక్కడం, జేబులో వేసుకోవడం, ఇంకోదానిపై ప్రయోగించడం: ఇలాంటి అడ్వెంచర్ ఆటల్లో ఆడేవాడి పని ఇదే.

ప్రతిపదార్థం: పిల్లి = షెడ్డు తలుపు కన్నంలోంచి దూరునది; వెంట్రుకలు = కన్నానికి ముందే అతికించిన టేపుకు చిక్కినవి; మీసము = మోస్‌లీ అను డిటెక్టివు వేషమునకై నాయకుడు మూతికి అంటించునది; మోటారు సైకిలు = ఆ మోస్‌లీ పేర రిజర్వు అయినది. అంటించుటకు తియ్యని సిరప్ కావలె. మూలమున లేదు కనుక అధ్యాహారము.

శంక: మోస్‌లీకి మీసమే లేదు కదా?

సమాధానం: లేదు. కనుకనే అతని పాస్‌పోర్టు కాజేసి, ఫొటో మీద మార్కర్‌తో మీసం గీయవలె. దానికి సరిపోవుటకే పిల్లి. ఇది అనన్వయాలంకారమని కొందరందురు. కాదు, వట్టి అన్వయ దోషం. ఎరిక్ వోల్పా అనే విమర్శకుడు 2000లో ఈ మీసాన్నే పట్టుకుని, అడ్వెంచర్ ఆటలను ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసుకున్నాయని తీర్పు చెప్పాడు. తర్వాత ఆయనే పోర్టల్ ఆట రచయితల్లో ఒకడయ్యాడు.

విశేషం: మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మహాకావ్యాలకు వ్యాఖ్య రాశాడు. పజిల్ కట్టేవాడికీ ఇంతకన్నా మంచి నియమం దొరకదు. పిల్లిమీసం రెండు మాటలూ తప్పింది.

మరి మన తెలంగాణలో ఇలాంటి ఆట కట్టాలంటే, మూలమున్న గోథిక్ ఎక్కడ? కోట కావాలంటే మానేరు ఒడ్డున ఎల్గందుల ఉంది. అక్కడి జంట మినార్లు ఊపితే ఊగుతాయనీ, మానకొండూరు దాకా సొరంగం ఉందనీ జనం చెప్పుకుంటారు. ఫ్రెంచి వాడే కావాలంటే, జగిత్యాల, నిర్మల్ కోటల వెనక ఫ్రెంచి ఇంజినీర్ల చెయ్యి ఉందంటారు.

అయితే అసలు సరుకు గడీలో, అంటే ఊరి దొర కోటలాంటి ఇంట్లో ఉంది. మొదటి ఆట పేరుకు అర్థం తండ్రుల పాపాలని. నాయకుడి పూర్వీకుడు ఒక బానిస స్త్రీకి చేసిన ద్రోహమే దాని రహస్యం. గడీల్లోనూ అలాంటి పాపాలే. దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఎందరో దొరలు పల్లెలు విడిచారు, గడీలు పాడుపడ్డాయి. అలాంటి గడీ దర్వాజ తాళంచెవి జీతగాని మనుమడి దగ్గరుంటే దానికో కారణం ఉంటుంది. పట్వారి దస్త్రంలో ఒక కాగితం లేకపోతే, అది ఎవరి భూమో అడగక తప్పదు. కచ్చీరు అరుగు మీద ఎవరు కూర్చున్నారు, చేతులు కట్టుకుని కింద ఎవరు నిల్చున్నారు అన్నదే సగం పజిల్.

కంప్యూటర్ మీద ఆటలు కట్టే కరీంనగర్, ఆదిలాబాద్ కుర్రకారు ఈ గడీలను ఇప్పుడే ఫొటోలు తీసి, ఆ ఊళ్ల ముసలివాళ్లను కూచోబెట్టి అడగాలి. చాలా గడీల పైకప్పులు ఇప్పటికే కూలాయి.