ఆడిట్ ముందురోజు సంతకాలు

గేటు మీద ‘ఐఎస్ఓ 9001:2015 సంస్థ’ అని బోర్డు. లోపల ఆరు నెలల తనిఖీ రిజిస్టరు: ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే దస్తూరీ. సెలవు పెట్టి ఊరెళ్లిన రోజున కూడా సూపర్‌వైజరు సంతకం నిక్షేపంగా ఉంది. ఫ్యాక్టరీకి తాళం పడ్డ ఆదివారాలు సైతం మిషన్ ఉష్ణోగ్రత 72 డిగ్రీలే. రేపు ఆడిటర్ వస్తున్నాడు మరి!

పాపం, ఆ ప్రమాణం ఇన్ని కాగితాలు అడగనేలేదు. 1987లో పుట్టిన ఐఎస్ఓ 9001, 2015 కూర్పుకొచ్చేసరికి క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరన్న నిబంధననే ఎత్తేసింది. పని ఎలా చేస్తారో తేల్చుకోండి, అలాగే చేయండి, తప్పు జరిగితే కారణం వెతకండి. సారం ఇంతే. ఆ మూడోదే మనకు గిట్టదు. ‘మూలకారణం’ గడిలో ఏళ్ల తరబడి ఒకటే జవాబు: ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’. దిద్దుబాటు చర్య: ‘ఆపరేటర్‌ను మందలించడమైనది’. మిషన్ గేజీ పాడై ఏడాదయిందని ఆ ఆపరేటర్ ఎంత మొత్తుకున్నా, అది రాయడానికి ఫారంలో గడి లేదు.

అన్నట్టు, జెనీవాలోని ఐఎస్ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, తన లోగో వాడుకోనివ్వదు కూడా. ఇచ్చేవి బయటి సంస్థలు. మామూలుగా గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా తనిఖీ. ఎండీగారి గదిలో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌పై గడువు తేదీ పూలదండ చాటున ఉంది. దండ మార్చడానికి మాత్రం పక్కా ప్రొసీజరు: ప్రతి శుక్రవారం, అటెండర్ చేత, సంతకంతో సహా.