‘ఏ’ దాటని ఇంగ్లీషు

మా ఎదురింటి కుర్రాడికి ఇంగ్లీషులో ‘ఏ’తో మొదలయ్యే మాటలన్నీ వచ్చు. అబేస్, అబాష్, అబేట్, అబెట్, అబేయన్స్... అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాడు. ‘బి’ దగ్గర కాస్త నత్తి. ‘సి’ ముఖం ఇంకా చూళ్లేదు. ఏటా జనవరి ఒకటిన పదాల పుస్తకం తెరిచి రోజుకు పది మాటల చొప్పున మొదలుపెడతాడు, సంక్రాంతికి ఊరెళతాడు, అరిసెలతో తిరిగొచ్చి మళ్లీ మొదటి పేజీ తీస్తాడు. నాలుగేళ్లుగా ఇదే వరస.

తమాషా ఏమిటంటే, అబేట్ అన్న మాట మా వార్డులో దోమల మందు చల్లే ఆయనకు ఇతనికన్నా బాగా తెలుసు. నిలవనీళ్లలో దోమ పిల్లల్ని చంపే మందు పేరది. ఆయన పుస్తకం చదవలేదు, రోజూ డబ్బా మోస్తాడంతే.

ఈ జాబితాల జబ్బు మనకు అమెరికా దారిలో అంటుకుంది. ఒకప్పుడు అక్కడి పైచదువుల కోసం జీఆర్‌ఈ పరీక్ష రాసే పిల్లలున్న ప్రతి ఇంట్లో బ్యారన్స్ పుస్తకం ఉండేది, అందులో 3,500 మాటల పట్టిక. వ్యతిరేక పదాలు చెప్పమని పరీక్షలో అడిగేవారు గనుక ఆ బట్టీకి ఒక అర్థముండేది. 2011లో జీఆర్‌ఈ వాళ్లు ఆ ప్రశ్నలే ఎత్తేశారు. పరీక్ష మానుకుంది గానీ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గోడలు మానుకోలేదు. ముప్పై రోజుల్లో మూడు వేల పదాలు! బియ్యం బస్తా మీద తూకం వేసినట్టు పదాలకూ లెక్క వేస్తారు. ఎందుకంటే లెక్కకొచ్చేదే అమ్ముడుపోతుంది. ‘మీవాడికి నాలుగు వాక్యాలు తడబడకుండా మాట్లాడటం వస్తుంది’ అని బోర్డు రాస్తే ఎవరొస్తారు?

ఆ మాటల్ని గుర్తు పెట్టుకునే చిట్కాలు మరీ రుచికరం. గారులస్ అంటే వాగుడుకాయ. ఎలా గుర్తుండాలి? ‘గారెలు తింటూ వాగేవాడు’ అనుకోవాలట. మా ఎదురింటివాడు ఇంటర్వ్యూలో తన గురించి చెప్పమంటే ఆ మాట కోసం వెతికాడు. గారెలే గుర్తొచ్చాయి, పక్కన అల్లప్పచ్చడి కూడా. మాట మాత్రం రాలేదు.

ఈ మధ్య వాట్సాప్‌లో ‘నేటి పదం’ కూడా వస్తోంది. ఒకరోజు ‘పర్పెట్రేట్ – చేయుట’ అని వచ్చింది. అంతే, మావాడు ఆఫీసుకు సెలవుచీటీ రాసేశాడు, అక్క పెళ్లి పర్పెట్రేట్ చేస్తున్నాం గనుక మూడు రోజులు సెలవు కావాలని. నేరాలకూ ఘోరాలకూ వాడే మాట అది. తెలుగులో చెప్పాలంటే ‘మా అక్క పెళ్లికి ఒడిగట్టాం’ అన్నాడన్నమాట. మేనేజరు మారు మాట్లాడకుండా సెలవిచ్చాడు. ఆయన చదువూ ‘పి’ దాకా వెళ్లి ఉండదు.

అర్థం ఒక్క ముక్కలో ఇస్తే జరిగేది ఇదే. మన ‘పెట్టు’నే చూడండి. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం, సంతకం పెడతాం, తగువు పెడతాం, నమ్మినవాడికి నామం కూడా పెడతాం. ‘పెట్టు అంటే పుట్’ అని బట్టీపట్టిన పరాయివాడి ఎదుట ‘నామం పెట్టారు’ అంటే, నుదురు తడుముకుంటాడు. ఇంగ్లీషులో గెట్, పుట్, టేక్, సెట్ కూడా ఇలాంటి ఇంటిచాకిరీ మాటలే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో సెట్ అన్న ఒక్క క్రియకు 430 అర్థాలిచ్చారు. ఆగ్డెన్ అనే ఆయన 1930లో 850 మాటలతో పని నడిచే ఇంగ్లీషు తయారుచేస్తే, అందులో క్రియలు 18. మూడు నాలుగు అక్షరాల మాటకు ఫీజు ఎవరిస్తారన్న భయంతో కాబోలు, కోచింగ్ మాస్టార్లు వీటి జోలికి పోరు.

ఇక ఉచ్చారణ. పుస్తకంలో ప్రతి మాట పక్కనా తెలుగు లిపిలో పలుకు రాసి, ఇలా పలికితే చాలని హామీ ఇస్తారు. ఇంగ్లీషుకు ‘వ’లు రెండు, మనకు ఒకటే. ‘వెస్ట్’ అని రాసిస్తే అది పడమరా, బనీనా? పైగా తెలుగు లిపి పంక్తిలో కూర్చున్న అక్షరాలన్నిటికీ సమానంగా వడ్డిస్తుంది. ఇంగ్లీషుకు ఆ మర్యాద లేదు. ఒక అక్షరానికి నెయ్యి వేసి, పక్కదానికి మజ్జిగ కూడా పొయ్యదు. ఫోటోగ్రాఫ్‌లో ఊనిక మొదట పడితే, ఫొటోగ్రఫీలో రెండో చోటికి జరుగుతుంది. ఇది చెవితో పట్టాల్సిన సంగతి. కళ్లతో చదివితే చిక్కదు.

పలకని అక్షరాల సంగతి అడిగితే ‘అది సైలెంట్’ అని మాస్టారూ సైలెంటైపోతారు. అప్పు అనే అర్థమున్న డెట్‌లో ‘బి’ మొదట్లో లేనేలేదు. లాటిన్ మూలం మీద మోజుతో పండితులు తర్వాత తగిలించారు. అప్పు అనే మాటలోనే ఒక అక్షరం అప్పు తెచ్చుకున్నది! ఈ కథ ఒక్కసారి చెబితే ఆ స్పెల్లింగు జన్మలో మరిచిపోరు. కథకు మార్కులుండవు గనుక చెప్పరు.

ఇంగ్లీషు పేరిట ఈ మోసం కొత్తదేం కాదు. కన్యాశుల్కం నాటకంలో గిరీశం ట్వింకిల్ ట్వింకిల్ అంటూ వెంకటేశంతో ఇంగ్లీషు దంచితే వాడి తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. ఇప్పటి తల్లులకు అబేస్, అబాష్ చాలు.

మరి పరాయి భాష నేర్చినవాళ్లే లేరా? సీపీ బ్రౌన్ 1817లో మద్రాసు చేరాడు. పండితుల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, తాళపత్రాలు చదివించుకున్నాడు, వేమన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చేశాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1852లో. ముందు భాష, ఆ తర్వాతే నిఘంటువు. మనవాళ్లు నిఘంటువుతో మొదలుపెడతారు, భాష దాకా రారు.

ఈ ఆదివారం హైదరాబాదులో ఉంటే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయండి. ఈ పదాల పుస్తకాలు గుట్టలుగా దొరుకుతాయి. మొదటి పది పేజీలు గీతలతో, కాఫీ మరకలతో నల్లబడి ఉంటాయి. ఆపైన కొత్త పెళ్లికూతురి చీరలా మడత నలగదు. ‘ఎమ్’ దాటాక ఎక్కడైనా పెన్సిలు గీత కనిపిస్తే, బేరమాడకుండా కొని నాకు కబురు పెట్టండి. రెట్టింపు ధర ఇస్తాను.