స్టేజ్ టూ అన్న

హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ కార్ల చుట్టూ తిరిగేవాళ్లకి స్టేజ్ టూ అన్న ఎక్కడో ఒకచోట తగలక మానడు. నలభైకి అటూ ఇటూ వయసు, గచ్చిబౌలి వైపు ఉద్యోగం, ఇంటి ఈఎంఐ, ఇద్దరు పిల్లలు. మనిషి నెమ్మదస్తుడు. లిఫ్టులో కూడా అందరికీ దారిచ్చి ఆఖరున ఎక్కుతాడు. కానీ "అన్నా, బండి అమ్ముతున్నావంట" అని ఎవరైనా కదిపారో, ఇక అరగంట దాకా వదలడు.

ఆ బండి స్కోడా ఆక్టేవియా ఆరెస్. 2017లో మన దేశంలో అమ్మకానికొచ్చిన మోడలు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, కంపెనీ ఇచ్చిందే 230 హార్స్‌పవర్. పిల్లల్ని స్కూల్లో దింపడానికి అది చాలలేదు. మొదట ఇంజను కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్పించాడు, అది స్టేజ్ వన్. తర్వాత టర్బో వెనకుండే డౌన్‌పైపు తీయించి లావుది వేయించాడు, గాలి పీల్చే ఇంటేకు మార్పించాడు, వాటికి తగ్గట్టు మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది స్టేజ్ టూ. ఇప్పుడు మూడొందలు దాటిందని డైనో టెస్టు కాగితం చూపిస్తాడు. దాన్ని లామినేషన్ చేయించి మరీ ఆర్సీ పక్కన పెట్టుకున్నాడు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం తిరిగినా 120 స్పీడు దాటకూడదు కదా అంటే, "దాటాలని కాదు తమ్ముడూ, దాటగలదని" అంటాడు.

అసలు కథంతా అమ్మకం దగ్గరే. అన్న లెక్క చాలా సులువు: బండి కొన్న ధర, దాని మీద ఇంతవరకు పెట్టిన ప్రతి రూపాయి. దానికో ఎక్సెల్ షీటు. డౌన్‌పైపు, ఇంటర్‌కూలరు, కాయిలోవర్లు, బ్రేకులు, అలాయ్‌లు, బయటి దేశం నుంచి తెప్పించినందుకు కట్టిన కస్టమ్స్, ఫిట్టింగు కూలీ, ఆ రోజు మెకానిక్కులకి తెప్పించిన బిర్యానీ. వెరసి తొమ్మిది లక్షల నలభై వేలు. "సరే, బిర్యానీ వదిలేస్తా" అన్నదే ఆయన దిగివచ్చే మొదటి మెట్టు, చివరి మెట్టు కూడా.

మార్కెట్టుకి ఈ షీటుతో పని లేదు. ఇన్సూరెన్సువాళ్లు కంపెనీ ధర తీసుకుని ఏళ్లను బట్టి తరుగు కొడతారు, నాలుగేళ్లు దాటాక సగమే మిగులుతుంది. లోనిచ్చే బ్యాంకుకి డౌన్‌పైపంటే ఏమిటో తెలియదు. తెలిసినవాడు కొనడానికొస్తే మరీ ప్రమాదం. టర్బో ఒత్తిడి పెంచితే గేరుబాక్సులో క్లచ్చులు తొందరగా అరుగుతాయని వాడికి తెలుసు. అన్న కూడిన ప్రతి వరుసనీ వాడు తీసివేతలో వేసుకుంటాడు. "పెళ్లిలో భోజనాల ఖర్చు ఎవరైనా తిరిగిస్తారా?" అని అన్న భార్య ఒకసారి అడిగింది. ఆ పూట అన్న భోంచెయ్యలేదు.

ఇక ఫోన్లు. "లాస్ట్ రేట్ ఎంత బ్రో?" అని ఒకడు, బండి చూడకుండానే. "మైలేజీ ఎంతిస్తది?" అని ఇంకొకడు. ఒక పెద్దాయనైతే "సీఎన్జీ పెట్టించుకోవచ్చా బాబూ?" అని అడిగాడు. అన్న ఆ మాట ఎక్కడికెళ్లినా చెప్పుకుని నవ్విస్తాడు. నిజానికి ఆ ఫోన్లన్నిటిలో చట్టం పక్కన నిలబడ్డది ఆ పెద్దాయనొక్కడే. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా నొక్కి చెప్పింది. అనుమతి తీసుకుని గ్యాసు కిట్టు పెట్టించుకోవడం మాత్రం చెల్లుతుంది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికీ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అన్న దీన్ని కూడా షీటులోకి ఎక్కించాడు: తొమ్మిది మార్పులు, నలభై అయిదు వేలు. "నాలుగు టైర్లకే అంతకంటే ఎక్కువైంది" అని తేల్చేశాడు. జైలుకి ఎక్సెల్లో గడి లేదు.

ఆ ఇంటి అటక మీద, ఆవకాయ జాడీల పక్కన, పాత దుప్పటి చుట్టిన పొడవాటి వస్తువొకటి ఉంటుంది. కంపెనీ డౌన్‌పైపు. దాని వెనక ఒరిజినల్ స్ప్రింగులు, గాలి ఫిల్టరు డబ్బా, అట్టపెట్టెలో బ్రేకులు. సంక్రాంతికి ఇల్లు దులిపిన ప్రతిసారీ ఇవి కిందికి దిగుతాయి, మళ్లీ పైకెక్కుతాయి. ఒకనాటికి ఇవే బంగారమవుతాయని అన్న ఎప్పుడూ అంటుండేవాడు. అయ్యాయి కూడా, ఆయన అనుకున్న తీరున కాకపోయినా. ఎనిమిది నెలలకి దొరికిన గిరాకీ ఒక డాక్టరుగారు, ఆయన పెట్టిన షరతు ఒక్కటే: బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా కావాలి. మెకానిక్కు రెండు రోజులు కూర్చుని అన్నీ విప్పి, అటక సామాను బిగించాడు. విప్పినవి సగం ధరకి బెంగళూరుకి కొన్ని, కోయంబత్తూరుకి కొన్ని పార్సిలయ్యాయి. అన్న ఇరవై తొమ్మిది, ముప్ఫై ఫారాల మీద సంతకాలు పెట్టి, డాక్టరుగారు బండి తోలుకెళుతుంటే సైలెన్సరు చప్పుడు విని "పాపం, గొంతు పోయింది" అన్నాడు.

రెండు వారాలు తిరక్కుండా అన్న బెజవాడలో ఉన్నాడు, ఒక పోలో జీటీ టీఎస్ఐ ముందు. కొనేటప్పుడు అన్న వేరే మనిషి. "నేను వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దు" అని ముందే చెప్పాడు, దిగీ దిగగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. స్టీరింగు కింద స్కానరు గుచ్చితే తప్పుల కోడ్లు ఒక్కటీ లేవు, కానీ మానిటర్లన్నీ ‘నాట్ రెడీ’ అంటున్నాయి.

"రాత్రే చెరిపేసినట్టున్నావ్, తమ్ముడూ?"

కుర్రాడు నేల చూశాడు. "అన్నయ్యా, దీని మీద నాలుగున్నర లక్షలు పెట్టానండి."

"పెడితే? మార్పులు చేసిన బండికి రీసేల్ ఎక్కడిది? స్టాక్ రేటు చెప్పు. ఏపీ బండి, ఎన్వోసీ తెచ్చుకోవాలి, మా దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. లాంచులెన్ని చేశావ్?"

"రెండే రెండుసార్లండి." నిలబడ్డ బండిని ఫుల్ రేజులో ఒక్కసారిగా దూకించిన లెక్క అడిగితే అందరూ రెండే అంటారు. అన్న కూడా డాక్టరుగారికి రెండే అని చెప్పాడు.

రెండు గంటలు వాదించి పదివేలు తగ్గించగలిగాడు. ఇంకా తగ్గించేవాడే, ఈలోగా కుర్రాడు యాక్సిలరేటరు ఒక్కసారి గట్టిగా తొక్కాడు. టోకెన్ అక్కడే చేతులు మారింది. సూర్యాపేట దగ్గర టీకి ఆగి అన్న హైదరాబాదులో మెకానిక్కుకి ఫోను కొట్టాడు: "ఇది స్టేజ్ వన్ మీదే ఉందిరా. టూ చెయ్యాలంటే ఎంతవుతుంది?"