కార్నెల్ కచేరీ బాగుందన్నారా?

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం అభిమాని ఎదురుపడితే, వాళ్ల కచేరీ బాగుంటుందని మాత్రం అనకండి. ఏ ఊరు, ఏ తేదీ అని నిలదీస్తాడు. ఆ బృందం ఏ పాటనీ రెండు రాత్రులు ఒకేలా వాయించలేదు గనక ఏ రాత్రి మార్కులు ఆ రాత్రివే. 'డార్క్ స్టార్' 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. మరుసటేడు లైవ్ ఆల్బంలో 23 నిమిషాలు!

కొత్తగా చేరినవాళ్లు గుడ్డిగా చెప్పే తేదీ ఒకటుంది: 1977 మే 8, కార్నెల్ విశ్వవిద్యాలయం, బార్టన్ హాల్. ఆ టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగుల జాబితాలోకి కూడా ఎక్కింది. పాతకాపులకి అక్కడే మండుతుంది. సర్కారు మెచ్చిన సంగీతం ఏం సంగీతం? "మర్నాడు బఫెలోలో వాయించింది విన్నావా?" అంటారు ఒక మోస్తరు పాతవాళ్లు. ఇంకాస్త ముదురువాళ్లు 1972 దగ్గర ఆగుతారు. అందరికన్నా ముదురు ఆసామి, "1973లో తొలినాటి గాయకుడు పిగ్‌పెన్ పోయాడు, ఇంకేముంది" అని నిట్టూరుస్తాడు. ద్వారం వారి ఫిడేలు విన్న చెవులకి ఇవేం ఎక్కుతాయండీ అనే మన సభల పెద్దాయన గుర్తురాక మానడు.

1987లో 'టచ్ ఆఫ్ గ్రే' పాట హిట్టయి కుర్రకారు ఎగబడ్డప్పుడు, పాతవాళ్లు వాళ్లకి 'టచ్‌హెడ్స్' అని వెక్కిరింపు పేరు తగిలించారు. ఆ కుర్రకారుకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. బృందం గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో పోయాడు. 2015లో మిగిలినవాళ్లలో కొందరు జాన్ మేయర్ గిటారుతో 'డెడ్ అండ్ కంపెనీ' మొదలుపెడితే, పాట నత్తనడక నడుస్తోందని ఈసడించినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. అదీ మెత్తటి కుర్చీలో చేరబడి.

మా పక్కింటాయన ఆ బాపతే. 80ల్లో తాను చూసిన ఒక కచేరీ జన్మకి సరిపోతుందని ఏళ్ల తరబడి చెప్పేవాడు. టేపు చేసుకునేవాళ్లకి 1984 నుంచి ఆ బృందమే హాల్లో వేరే చోటిచ్చింది కాబట్టి, ఏ రాత్రికైనా సాక్ష్యం దొరుకుతుంది. మొన్న ఎవరో ఆ టేపు తెచ్చి వినిపించారు. గిటారు ఒక దారి, గాత్రం ఇంకో దారి. మధ్యలో ఎవరో ఒక చరణం మరిచిపోయారు కూడా.

ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. "మైకు తప్పుడు చోట పెట్టినట్టున్నారు" అన్నాడు.