పచ్చచుక్కల పంచాంగం

విద్యుత్ కారుకు కావలసినది కరెంటు అనే పాతకాలపు నమ్మకాన్ని మొబైల్ యాప్‌ల రూపకర్తలు ఎప్పుడో పూర్వపక్షం చేసి, కారుకు కావలసినది యాప్ అనీ, యాప్‌కు కావలసినది నెలకొక కొత్త హంగు అనీ, కరెంటు సంగతి తీరిక చూసుకుని ఆలోచించవచ్చుననీ సిద్ధాంతం చేశారు. దీన్ని పరీక్షించదలచినవారికి 42వ నంబరు జాతీయ రహదారి తగిన స్థలం. ఉరవకొండ దగ్గర మొదలై అనంతపురం, కదిరి మీదుగా వచ్చే ఆ దారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్లను వరసగా కలుపుకుని తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది గనుక, మహానగరపు ఏసీ గదిలో గీసిన తెరబొమ్మ రాయలసీమ ఎండలో ఎంతసేపు నిలుస్తుందో అక్కడ తేలిగ్గా తేలిపోతుంది.

సిద్ధాంతానికి మూలస్తంభం పచ్చచుక్క. యాప్ పటంలో ఒక ఛార్జింగ్ స్టేషన్ మీద అది వెలుగుతున్నదంటే అక్కడ కారుకు కరెంటు ఎక్కుతుందని అమాయకులు అనుకుంటారు. శాస్త్రం అంత దూరం పోదు. ఛార్జర్‌కూ దాన్ని నడిపే సంస్థ సర్వర్‌కూ మధ్య మాటలు ఓసీపీపీ అనే ఉమ్మడి నియమావళి ప్రకారం సాగుతాయి. 2009లో నెదర్లాండ్స్‌లో మొదలై దేశదేశాలకు పాకిన ఈ పద్ధతిలో ఛార్జర్ నిర్ణీత వ్యవధికొకసారి హార్ట్‌బీట్ అనే చిన్న సందేశం పంపి తాను బతికే ఉన్నానని చెప్పుకుంటుంది. ఖాళీగా ఉన్నదీ పనిలో ఉన్నదీ చెడిపోయినదీ వేరొక సందేశంలో తెలుపుతుంది. పచ్చచుక్క అంటే సర్వర్ చెవిన చివరిసారి పడిన ఆ మాట, అంతే. కారుకు తగిలించే గన్‌లో పిన్ను విరిగిందా, ఎవరో సరదాకు నొక్కిపోయిన అత్యవసర ఎర్ర బటన్‌ను సరిచేసే మనిషి ఉన్నాడా, ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద వోల్టేజీ నిలుస్తుందా, ఆవరణ గేటుకు రాత్రి తాళం పడిందా అన్నవి దాని పరిధిలోకి రావు. ఉగాదినాడు పంచాంగకర్త ఈ ఏడు వాన ఇన్ని ఆఢకాలని చదివినంత ధీమాగా యాప్ చుక్కలు పంచుతుంది. చినుకు పడలేదని పంచాంగం మీద దావా వేసినవారు లేనట్టే, చుక్కను నమ్మి ఇదే దారిలోని వి.కోట దగ్గర బండి ఆపుకున్నవారికీ మొర పెట్టుకునే చోటు కనబడదు. అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారని మాత్రం ఫోను మర్యాదగా అడుగుతుంది. కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు తిరిగే ఆ ప్రాంతంలో అర్ధరాత్రి బ్యాటరీ అడుగంటడాన్ని వినియోగదారుడి అనుభవం అనే శీర్షిక కింద ఎవరూ ఇంకా చేర్చినట్టు లేదు.

తర్వాతి హంగు స్లాట్ బుకింగ్. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరు మార్గదర్శకాలు నగరాల్లో మూడు కిలోమీటర్ల చదరానికొకటి, రహదారులకు రెండు వైపులా 25 కిలోమీటర్లకొకటి చొప్పున స్టేషన్లు ఉండాలని కోరుతూ, ముందుగా స్లాట్ పట్టుకునే ఆన్‌లైన్ ఏర్పాటు కోసం ఒక నెట్‌వర్క్ సంస్థతో ఒప్పందం చేసుకోవాలని కూడా చెప్పాయి. బుకింగ్ అంటే ఫలానా ఖాతాదారుకు తప్ప మరొకరికి కరెంటు ఇవ్వవద్దని సర్వర్ ఛార్జర్‌కు పంపే ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ఛార్జర్ చేతులు కట్టేయగలదు గాని దాని ముందున్న బండిని అంగుళం కదిలించలేదు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పోటెత్తే రోజుల్లో ఏ లారీయో నీడ చూసుకుని సరిగ్గా అక్కడే నిలిచి, డ్రైవరు నిద్రలోకి జారితే, స్లాట్ పట్టినవారి ఫోనులో గడువు సెకన్లవారీగా తరిగిపోతుంది; చివరకు వేళకు రాలేదన్న నెపంతో రుసుము కోత పడితే హంగు తన ధర్మం తాను నిర్వర్తించినట్టే.

అసలు ప్రతిభంతా వ్యాలెట్‌లో ఉంది. ఒక సంస్థ తన సేవలకు మాత్రమే చెల్లేలా ముందుగా డబ్బు జమ చేయించుకునే ఖాతాను క్లోజ్డ్ వ్యాలెట్ అంటారు. దీనికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కరలేదు, ఇందులోంచి నగదు వెనక్కి తీసుకునే వీలూ లేదు. ఒకే దారిలో నాలుగు సంస్థల ఛార్జర్లు ఎదురైతే నాలుగు యాప్‌లు, నాలుగు ఓటీపీలు, నాలుగు వ్యాలెట్లు, ఒక్కొక్కదానిలో దేనికీ చాలని చిల్లర. ఇలా వేలమంది దగ్గర చిక్కుకున్న చిల్లర సంస్థకు వడ్డీలేని అప్పు అవుతుంది గనుక, దీన్ని రూపకల్పనలో లోపమనడం అన్యాయం. 2016లో వచ్చిన యూపీఐ తోపుడుబండి మీది మిరపకాయ బజ్జీ దాకా చేరిపోయింది. లక్షల రూపాయల యంత్రం మీద ఒక క్యూఆర్ కోడ్ అంటించడం మాత్రం ఇంకా పరిశోధన దశ దాటలేదు కాబోలు. ఐరోపా సమాఖ్యలో 2024 ఏప్రిల్ 13 తర్వాత పెట్టే 50 కిలోవాట్లూ అంతకు మించిన సామర్థ్యం గల బహిరంగ ఛార్జర్లన్నీ యాప్ ఊసు లేకుండా బ్యాంకు కార్డుతో డబ్బు తీసుకోవాలని చట్టమే చెబుతున్నది. అంత దూరం కూడా పోనక్కరలేదు. మదనపల్లె టమాటా వేలంలో ధర అందరి చెవినా పడేలా పలుకుతుంది; 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి పరుగెత్తినప్పుడు కూడా ఆ ధర తెలుసుకోవడానికి రైతు తన ఫోన్ నంబరు, పుట్టినతేదీ సమర్పించుకోలేదు. ఛార్జింగ్ యూనిట్ ధర లాగిన్ అయ్యేదాకా దేవరహస్యం. అయ్యాక కనబడే అంకెకు 18 శాతం జీఎస్టీ వేరే. ఛార్జింగ్ విద్యుత్ అమ్మకం కాదు, సేవ మాత్రమే అని కేంద్రం 2018 ఏప్రిల్‌లో తేల్చింది; ఆ సేవకు పన్ను 18 శాతం, కారు కొనుగోలు మీద 5 శాతం.

పుంగనూరులో విద్యుత్ బస్సులు, ట్రక్కులు తయారుచేసే కర్మాగారం పెడతామని జర్మనీకి చెందిన పెప్పర్ మోషన్ పేరిట 2023లో ప్రకటన వెలువడింది. ఇలాంటి ప్రకటనల యుగధర్మాన్ని యాప్‌లు కూడా బాగానే వంటబట్టించుకున్నాయి: ఛార్జింగ్ చేసిన ప్రతిసారీ తెరమీద ఒక ఆకు మొలవడం, పది ఆకులకు ఒక చెట్టు, చెట్టుకు నాణేలు, నాణేలకు ఊళ్లవారీ పోటీ. చెడిన ఛార్జర్ దగ్గర మాత్రం ఆకు రాలదు, అదొక ఊరట.

యాప్‌లు ఎక్కువైన జబ్బుకు మందు కూడా యాపేనని ప్రభుత్వాలు కనిపెట్టాయి. ఛార్జింగ్ స్టేషన్ల సమాచారం కోసం ఇంధన సామర్థ్య సంస్థ రూపొందించిన ఈవీ యాత్ర 2022 డిసెంబరు 14న రాష్ట్రపతి చేతుల మీదుగా విడుదలైంది. విద్యుత్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో స్టేషన్లకు కేటాయించిన 2,000 కోట్ల రూపాయలకు తోడుగా, బుకింగు, చెల్లింపు, ఖాళీల సమాచారం ఒకచోట చేర్చే సూపర్ యాప్ ఆలోచనను భారీ పరిశ్రమల శాఖ 2025 మేలో వెల్లడించి, దాని బాధ్యతకు బీహెచ్‌ఈఎల్ పేరు పరిశీలించింది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేము; అయితే నాలుగు సర్వర్ల వదంతులను ఒక తెరమీద కుప్పపోస్తే పెద్ద వదంతి అవుతుందే గాని గన్‌లో పిన్ను అతకదు. బ్రిటన్ ఈ పనిని మరో కొస నుంచి పట్టుకుంది: అక్కడ వేగపు ఛార్జర్ల నెట్‌వర్కులు ఏడాది సగటున 99 శాతం సమయం పనిచేసి తీరాలన్న నిబంధన 2024 నవంబరు నుంచి అమలులో ఉంది.

కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇంటింటి కప్పు మీద సౌర ఫలకలు అమర్చే పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 జనవరిలో ప్రారంభించారు. అలాంటి ఇంటి గోడకున్న 15 ఆంపియర్ల సాకెట్ గంటకు మూడు యూనిట్ల చొప్పున, 30 యూనిట్ల బ్యాటరీని పది గంటల్లో నింపుతుంది. నిదానమే గాని, అది ఎవరి లొకేషనూ అడగదు, ఎవరికీ నాణేలు ఇవ్వదు.

దారిలో ఉన్నవారికి నిజంగా పనికివచ్చే తెర ఒకటి రూపొందించడం కష్టమేమీ కాదు. ఈ ఛార్జర్ నుంచి చివరిసారి ఒక కారు ఎన్ని గంటలకు, ఎన్ని యూనిట్లు తీసుకున్నది, పన్నుతో కలిపి యూనిట్ ధర ఎంత, చెడితే పలికే స్థానిక మనిషి నంబరు ఏది అన్న మూడు వరుసలు లాగిన్ లేకుండా కనబడితే చాలు. డబ్బు సంగతి యంత్రం మీది క్యూఆర్ కోడ్ చూసుకుంటుంది. ఈ ప్రతిపాదన ఏ రూపకల్పన సమావేశంలోనూ గట్టెక్కదు. అటువంటి తెరను చూసినవారు అర నిమిషంలో ఫోను జేబులో పెట్టుకుంటారు, వాడకపు సగటు సమయం పడిపోతుంది, ఆ గ్రాఫును పెట్టుబడిదారుల ముందు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు.