ఇంజన్ షెడ్డులో వినకూడని సలహాలు

బోరింగ్ చేసి బిగించిన ఇంజన్‌ని షెడ్డులోనే బెంచి మీద నడిపి చూస్తామంటే, పొగ సంగతి చెప్పడానికి పదిమంది వస్తారు. నేను విన్న సలహాలు, నమ్మి దెబ్బతిన్నవి కొన్ని చెబుతాను. మీరు వినకండి.

‘గోడకో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టు, చాలు.’ చాలదు. 2 లీటర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఫుల్ లోడు మీద నిమిషానికి దాదాపు 3 ఘనమీటర్ల గాలి మింగుతుంది. అది 500 డిగ్రీల వేడితో బయటికొచ్చేసరికి రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. పొగని గదిలోకి వదిలాక పట్టలేం, సైలెన్సర్ మూతి దగ్గరే పట్టాలి.

‘అయితే గొట్టం సందు లేకుండా బిగించెయ్.’ అలా చేస్తే ఫ్యాన్ ఇంజన్‌ని లాగుతుంది, రీడింగులు అబద్ధం చెబుతాయి. గొట్టం మూతి గరాటులా వెడల్పు చేసి, సైలెన్సర్‌కి కాస్త ఎడంగా పెట్టండి. గది గాలి కలిసి పొగ చల్లబడుతుంది. ఆ సందు దగ్గర దారప్పోగు పట్టుకుంటే లోపలికి వంగాలి. బయటికి వంగిందంటే ఫ్యాన్ సరిపోలేదన్నమాట.

‘8 అంగుళాల గొట్టం ఎందుకు, 6 వెయ్.’ దారి దాదాపు సగమైపోతుంది.

‘ఫ్యాన్ చేతికందేలా లోపలే పెట్టు.’ వద్దు. ఫ్యాన్ దాటాక గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, ప్రతి అతుకూ పొగ కక్కుతుంది. ఫ్యాన్ బయట చివర ఉంటే అతుకు లీకైనా గాలి లోపలికే పోతుంది.

‘చప్పుడవుతోంది, షట్టర్ దించు.’ ఒక రాత్రి దించాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కానీ గదిలోకి గాలి రానప్పుడు అది దేన్ని తోస్తుంది? అరగంటకి కుర్రాడు స్పానర్ కింద పెట్టి, ‘తల పగిలిపోతోందన్నా’ అని గోడకి జారగిలబడ్డాడు. ఆకలనుకుని టీ ఇచ్చాను. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాణ్ణి బయటికి మోసుకెళ్ళి, ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆ టీ గ్లాసు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మర్నాడే ఎదురుగోడకి జాలీ కొట్టించాను, అలారం పెట్టించాను. గొట్టంలో గాలి పారుతోందని ప్రెజర్ స్విచ్చి ఒప్పుకుంటేనే సెల్ఫ్ అందుకునేలా వైరింగ్ చేయించాను. మోటారు తిరిగితే సరిపోదు, బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ‘అర్జంటు పనికి ఆ స్విచ్చి బైపాస్ చెయ్యి’ అని మొన్న ఒకాయన అన్నాడు. ఆయన ఇంజన్ ఆయనకే తిరిగిచ్చేశాను.